ఏమీ అడక్కుండా దర్గాలో కూర్చోవచ్చా?

ప్రశ్న: నాకు 36 ఏళ్ళు. మాది ఒంగోలు. మా నాన్న లారీ డ్రైవరు. చీమకుర్తి నుంచి చెన్నై హార్బరుకు గ్రానైట్ రాళ్ళు తోలేవాడు. పోయిన కార్తీకంలో గుండెపోటుతో చనిపోయాడు. అస్థికలు కొత్తపట్నం దగ్గర సముద్రంలో కలిపాం. పెద్దకర్మకు వచ్చిన క్లీనరు ఒక మాట చెప్పాడు. నెల్లూరు మీదుగా వెళ్ళినప్పుడల్లా నాన్న లారీని హైవే పక్కన ఆపి, ఆటో ఎక్కి బారాషహీద్ దర్గాకు పోయి ఒక గంట కూర్చుని వచ్చేవాడట. ఇంట్లో ఎవరికీ తెలియదు. తర్వాత నాన్న పెట్టెలో ఆకుపచ్చ గుడ్డపేలిక ఒకటి దొరికింది. నాన్న పేరులోనే మస్తాన్ ఉంది. మేం హిందువులం.

నాకు అక్కడికి పోయి ఒంటరిగా కాసేపు కూర్చోవాలని ఉంది. కోరికలేం లేవు. అత్తయ్య ‘సమాధుల దగ్గర ఆడపిల్లకేం పని, గాలి సోకుతుంది’ అంటున్నారు. ఏడాది దాటనివ్వమని అమ్మ అంటోంది. మా ఆయన రొట్టెల పండుగకు అందరం కలిసి పోదాం అంటున్నాడు. అక్కడివాళ్ళు ఏమనుకుంటారో, ఎలా ఉండాలో, డబ్బులు అడుగుతారేమోనని నాకూ టెన్షన్‌గానే ఉంది. ఏమీ అడగకుండా ఊరికే పోయి కూర్చుంటే తప్పా? నిజం చెప్పాలంటే నాన్న దగ్గర కాసేపు కూర్చోవాలనుకుంటే నాకు చోటు లేదు.
– ఒక సోదరి, ఒంగోలు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. దర్గాతో మొదలుపెట్టారు గానీ అసలు సంగతి చివరి వాక్యంలో ఉంది. మనం దహనం చేసేవాళ్ళం. అస్థికలు ఏరి నీళ్ళలో కలిపి ఇంటికి వస్తాం. ఆ తర్వాత గోడ మీద ఫొటో తప్ప ఆ మనిషికంటూ ఒక అడ్రసు ఉండదు. ఏడాదికోసారి తద్దినం, అదీ కొడుకు చేతుల మీదుగా. పెళ్ళయిన కూతురికి మైల మూడు రోజులే అంటారు. నాలుగోనాడు వెళ్ళి అత్తగారింట్లో పొయ్యి వెలిగించాల్సిందే. ఇన్ని నెలలైనా మీకు ఎక్కడో ఒకచోట కూలబడాలని ఉందంటే నాకేం వింతగా లేదు.

పోయి రండి. ఒంటరిగానే పోయి రండి. మిగతాదంతా ఎలా పోవాలన్న దాని గురించే.

ముందు మీ భయాల్లో పెద్దది తీసేస్తాను. ఏమీ అడక్కుండా ఊరికే కూర్చుంటే తప్పా అన్నారు. సమాధి దగ్గరికి పోవడాన్ని ముస్లింలు జియారత్ అంటారు. ప్రవక్త మొదట్లో సమాధుల దగ్గరికి పోవద్దన్నారనీ, ఆ తర్వాత పొమ్మన్నారనీ, అవి పరలోకాన్ని గుర్తుచేస్తాయని చెప్పారనీ హదీసుల్లో, అంటే ప్రవక్త మాటలు రాసిపెట్టిన గ్రంథాల్లో ఉంది. అంటే సమాధి దగ్గరికి పోవడానికి వాళ్ళ మతం చెప్పిన కారణం కోరిక కాదు, చావును తలుచుకోవడం. కోరికలు, మొక్కులు, ముడుపులు తర్వాత వచ్చి చేరాయి. దర్గాల్లో కోరికలు అడగడం సరికాదనే ముస్లింలు చాలామంది ఉన్నారు. ఆ వాదులాట మనకెందుకు గానీ, మీరు తప్పనుకుంటున్న పని ఆ గుమ్మంలో అన్నిటికంటే పాత పని. మీ నాన్న కూడా అదే చేసి ఉంటాడు. నెలకు నాలుగు ట్రిప్పులు కొట్టే డ్రైవరుకు ప్రతిసారీ అడగడానికి కొత్త కోరికలు ఎక్కడి నుంచి వస్తాయి?

మాది కొడవలూరు పక్క పల్లె. బారాషహీద్ కథకు పుట్టిల్లు లాంటి గండవరం మా పక్కనే. చిన్నప్పుడు మా అవ్వ దాన్ని సొంత చుట్టాల కథలా చెప్పేది. బారా అంటే పన్నెండు, షహీద్ అంటే అమరుడు. గండవరం దగ్గర యుద్ధంలో పన్నెండుమంది వీరుల తలలు తెగిపడ్డాయట. మొండేలు మాత్రం గుర్రాల మీద నుంచి జారకుండా నెల్లూరు చెరువు గట్టు దాకా వచ్చాయట. వచ్చినవాళ్ళను వచ్చినచోటే పూడ్చిపెట్టారు. ఆ తర్వాత చాకలి దంపతులు ఒకరు ఆ చెరువులో బట్టలుతికి, రాత్రి గట్టు మీదే నిద్రపోతే, ఆ అమరులు ఆమెకు కలలో కనపడ్డారు. ఆర్కాటు నవాబు భార్యకు జబ్బుగా ఉంది, మా సమాధుల మట్టి తీసుకెళ్ళి నుదుట రాస్తే తగ్గుతుందని చెప్పారు. తగ్గింది. నవాబు, ఆయన భార్య కలిసి వచ్చి, చెరువులో స్నానం చేసి ఫాతెహా ప్రార్థన చదివించి, తెచ్చుకున్న రొట్టెల్లో తాము తినగా మిగిలినవి అక్కడున్నవాళ్ళకు పంచారు. రొట్టెల పండుగ అలా మొదలైందంటారు.

ఎవరి సైన్యం, ఎవరితో యుద్ధం అంటే మాత్రం చెప్పేవాళ్ళను బట్టి మారిపోతుంది. 1751లో జరిగింది, వాళ్ళు బీజాపూరు సుల్తాను మనుషులు అని పండుగ రోజుల్లో పత్రికలు రాస్తుంటాయి. బీజాపూరు 1686లోనే ఔరంగజేబు చేతికి పోయింది. అరవై ఐదేళ్ళ తర్వాత దాని సైన్యం నెల్లూరుకు ఎక్కడి నుంచి వస్తుంది? మా అవ్వను అడిగితే ‘నువ్వు సదువుకున్నదానివి, నువ్వే చెప్పు’ అనేది. ఇది ఎందుకు చెబుతున్నానంటే, అక్కడ కూర్చోవాలంటే ముందు ఈ కథను నమ్మాలేమో అని మీరు అనుకోవచ్చు. అక్కర్లేదు. పన్నెండు సమాధులున్నాయి, ఎవరో పన్నెండుమంది కన్నవాళ్ళకు దూరంగా చచ్చిపోయారు, ఊరు వాళ్ళను మర్చిపోలేదు. అంతవరకు చాలు.

నెల్లూరులో ఆ పేట పేరే దర్గామిట్ట. మిట్ట కింద స్వర్ణాల చెరువు, గట్టు మీద దర్గా. ఈ చెరువులోనే జనం మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి రొట్టెలు మార్చుకుంటారు. కోరిక తీరినవాళ్ళు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్ళు పుచ్చుకుని, తీరాక తిరిగొచ్చి ఇంకొకరికి ఇస్తారు. ఉద్యోగ రొట్టె, పెళ్ళి రొట్టె, సంతాన రొట్టె, ఇల్లు రొట్టె. మా చిన్నప్పుడు లేని వీసా రొట్టె కూడా వచ్చింది. 2015లో ప్రభుత్వం రాష్ట్ర పండుగ చేశాక ఆ ఐదు రోజులూ లక్షల మంది. పోలీసులు, మైకులు, తప్పిపోయిన పిల్లల ప్రకటనలు. నాకు ఆ పండుగంటే ఇష్టం. ఎవరిదో కోరిక తీరిన రొట్టెను ఏ కులమో, ఏ మతమో అడక్కుండా తీసుకుని తినే చోటు మనకు ఇంకెన్ని ఉన్నాయి? కానీ మీరు అడుగుతున్నది అది కాదు. మీ ఆయన మాట మంచిదే గానీ దీనికి పనికిరాదు. పండుగలో మీరు ఏడవడానికి కూడా తీరదు, చెప్పుల కోసం, పిల్లల కోసం వెతుక్కోవడంతోనే సరిపోతుంది. పండుగకు ఇంకోసారి పోదురుగాని.

కాబట్టి ఆ పండుగ జరిగే మొహర్రం రోజులు తప్పించండి. చాంద్రమాన సంవత్సరం కనుక ఆ తేదీలు ఏటా పదకొండు రోజుల చొప్పున ముందుకు జరుగుతుంటాయి. 2024లో జూలై 17న మొదలైన పండుగ 2025లో జూలై 6కే వచ్చింది. మామూలు రోజుల్లో కూడా గురువారం సాయంత్రం, శుక్రవారం ఏ దర్గాలోనైనా జనం ఉంటారు. సోమవారమో, మంగళవారమో పెట్టుకోండి. ఒంగోలులో పొద్దున పినాకిని ఎక్కితే ఎండ ముదరకముందే నెల్లూరులో ఉంటారు, మధ్యాహ్నం చెన్నైలో బయలుదేరి వచ్చే అదే పినాకినికి తిరిగి ఇల్లు చేరొచ్చు. మే నెలలో మాత్రం వద్దు. నెల్లూరు ఎండ సంగతి మీకు కొత్తగా చెప్పాలా, ఆ గచ్చు మీద వట్టి కాళ్ళతో నాలుగడుగులు వేయలేరు. వానలు వెనకబట్టాక డిసెంబరు, జనవరిలో అయితే చెరువులో నీళ్ళూ ఉంటాయి, గాలీ ఉంటుంది. కానీ అప్పటిదాకా ఆగలేకపోతే ఆగొద్దు.

నెలసరి రోజుల్లో దర్గా లోపలికి పోకపోవడం అక్కడి ఆడవాళ్ళు పాటించే పద్ధతి. బయలుదేరిన రోజు అలా కుదిరితే వెనక్కి రావక్కర్లేదు, బయట చెరువు వైపు కూర్చోండి. ఆ ఇంటి పద్ధతి మనం పాటించినట్టూ ఉంటుంది, మీ పనీ అవుతుంది.

మామూలు చీరో, చుడీదారో కట్టుకుని, కొంగుతోనో చున్నీతోనో తల కప్పుకుంటే చాలు. బొట్టు తీసేయాలా అని నన్ను ఒకావిడ అడిగింది ఒకసారి. అక్కర్లేదమ్మా. బొట్టు పెట్టుకున్న ఆడవాళ్ళు ఆ దర్గాకు తరతరాలుగా వస్తున్నారు. చెప్పులు బయట విప్పండి. సమాధి దాకా ఆడవాళ్ళను రానిస్తారా, గుమ్మం దగ్గరే ఆపుతారా అన్నది దర్గాకో తీరు. గుమ్మంలో ముజావర్‌ను, అంటే దర్గా చూసుకునే ఆయన్ను అడగండి. ‘ఇక్కడిదాకే అమ్మా’ అంటే అక్కడే ఆగిపోండి. మీరు వాదించడానికి పోవట్లేదు.

ఇక సమాధుల మధ్య ఎలా నడవాలి అన్న సంగతి. ఇది నేను సిగ్గుపడి నేర్చుకున్నాను. ఇరవై ఏళ్ళ కిందట ఇంకో దర్గాలో, ఆ ఊరి పేరు వద్దులెండి, ఎండన పడి వచ్చి, చెట్టు నీడన తెల్లసున్నం వేసిన చిన్న అరుగు కనపడితే హమ్మయ్య అని కూర్చుండిపోయాను. రెండు మూరల పొడవుంటుందేమో. ఒక ముసలామె చీపురు పక్కన పడేసి వచ్చి నా మోచెయ్యి పట్టుకుని మెల్లగా లేపింది. ‘బేటీ, అక్కడ కాదమ్మా. పసిబిడ్డ గోరీ అది’ అంది. కోప్పడలేదు. కొంగుతో ఆ సున్నం మీద నేను కూర్చున్నచోట ఒకసారి తుడిచింది, అంతే. పక్కన ఎండిపోయిన రెండు కనకాంబరాలు ఉన్నాయి, కూర్చునేటప్పుడు నేను వాటినీ చూడలేదు. ఇప్పటికీ ఏ దర్గాకు పోయినా, ఎంత అలిసిపోయినా, అరుగులాంటిది కనపడితే ముందు దాని పొడవు చూస్తాను.

పొడవుతో పాటు దిక్కు కూడా చూసుకోవచ్చు. ముస్లింలు శవాన్ని కుడి పక్కకు ఒత్తిగిలించి, ముఖం మక్కా వైపు ఉండేలా పడుకోబెడతారు. మనకు మక్కా పడమర. అందుకని మన దగ్గర గోరీలన్నీ తల ఉత్తరానికి, కాళ్ళు దక్షిణానికి ఉంటాయి. మన ఇళ్ళల్లో ఉత్తరం వైపు తలపెట్టి పడుకుంటే పెద్దవాళ్ళు కసురుతారు చూడండి, వీళ్ళు అటే తలపెట్టి శాశ్వతంగా పడుకుంటారు. ఉత్తర దక్షిణాలుగా పొడవు సాగిన దిమ్మె కనపడితే అది అరుగు కాదని అనుకోవడం మేలు. మట్టి గోరీలైతే కొన్ని నేలకు జానెడు ఎత్తు కూడా ఉండవు, గడ్డిలో కలిసిపోయి ఉంటాయి. వాటిని దాటకండి, తొక్కకండి, చుట్టూ తిరిగి పోండి. సమాధి దగ్గరికి కాళ్ళ వైపు నుంచి పోవడం మర్యాద. తిరిగొచ్చేటప్పుడు చటుక్కున వీపు తిప్పకుండా నాలుగడుగులు వెనక్కి వేసి అప్పుడు తిరుగుతారు. మన గర్భగుడి ముందు మనం చేసేదే. ఫోన్ సైలెంట్‌లో పెట్టి సంచిలో పడేయండి. ఫొటో తీయాలనిపిస్తే చెరువును తీసుకోండి.

లోపల ఏం చేయాలి అంటారా? ఏమీ చేయక్కర్లేదు. ఊదు పొగ ఉంటుంది, సమాధుల మీద ఆకుపచ్చ చాదర్లు, పూల చాదర్లు ఉంటాయి. ఎవరో ఒకరు నెమలీకల కట్టతో తల మీద తడుతారు, పంచదారో బత్తాసులో చేతిలో పెడతారు. దాన్ని తబ్రుక్ అంటారు, మన ప్రసాదం లాంటిది. కుడి చేత్తో తీసుకుని నోట్లో వేసుకోండి. ముస్లింలు సమాధుల్లో ఉన్నవాళ్ళకు సలాం చెప్పి, ఫాతెహా చదువుతారు. ఖురాన్‌లో మొదటి అధ్యాయం అది, ఏడే వాక్యాలు. అది మీకు రాదు, వచ్చినట్టు పెదవులు కదిలించక్కర్లేదు. నాన్న కోసం చదివించాలనిపిస్తే ముజావర్‌కు చెప్పండి, పేరడిగి దువా, అంటే ప్రార్థన చేస్తారు. నాన్న పేరు విన్నాక ఆయన ఇంకో ప్రశ్న వేయరులెండి.

డబ్బుల సంగతి. అన్నిచోట్లా ఉన్నట్టే ఇక్కడా ఉంటుంది. చాదర్ కొనమ్మా, పూలు కొనమ్మా, ఇంతిస్తే ఫాతెహా అంటారు. నన్ను ఒకచోట ఒకతను గుమ్మం దాకా వెంటపడి, పెద్ద నోటు తీసేదాకా వదల్లేదు. అది గుళ్ళోనూ జరిగింది నాకు, అందుకని ఎవరి మతం మీదా కోపం పెట్టుకోలేదు. చిల్లర కాగితాలు విడిగా గుప్పిట్లో పెట్టుకోండి. హుండీలో మీకు తోచింది వేయండి, బయట కూర్చున్న ముసలివాళ్ళకు కాస్త ఇవ్వండి. ఎవరన్నా పట్టుబడితే ‘జియారత్‌కు వచ్చానండి’ అని ఒక్క మాట చెప్పండి. ఆ మాటకు అక్కడ విలువ ఉంది.

లోపల దర్శనం అయ్యాక, ఎవరికీ అడ్డం కాకుండా ఒక గోడ పక్కన కూర్చోండి. లేదంటే చెరువు వైపు వచ్చేయండి. మీ నాన్న ఎక్కడ కూర్చునేవాడో క్లీనరును ఫోన్ చేసి అడిగారా? అడగండి. బహుశా అతనికి తెలుసు. లారీ డ్రైవరు తాను కూర్చున్న గంటసేపూ క్లీనరును లారీ దగ్గరే ఉంచి ఉండొచ్చు గానీ, ఒకటి రెండుసార్లన్నా వెంట తీసుకుపోయి ఉంటాడు. తెలియదంటే మీకు నచ్చినచోట కూర్చోండి. ఏడుపు వస్తే ఆపుకోవద్దు. దర్గాలో ఏడుస్తున్న ఆడదాన్ని ఎవరూ వింతగా చూడరు. మహా అయితే ఎవరో ఒకామె మంచినీళ్ళ గ్లాసు తెచ్చి పక్కన పెట్టి, ఏమిటని అడక్కుండా పోతుంది. ఏడుపు రాకపోయినా కంగారు పడకండి. చాలామందికి అనుకున్నచోట రాదు. తిరుగు రైలులో పల్లీల పొట్లం విప్పుతుంటే వస్తుంది.

ఒక్క జాగ్రత్త చెబుతాను. అది మీ నాన్న సమాధి కాదు. దానికి తన మనుషులున్నారు, తన ఆచారం ఉంది, చుట్టుపక్కల ఎవరి కన్నవాళ్ళో నిద్రపోతున్నారు. మీరు చుట్టం చూపుగా వెళ్ళినట్టు వెళ్ళండి. దండ పట్టుకెళ్ళి, నాన్న ఫొటో అక్కడ ఆనించి, కొబ్బరికాయ కొట్టి, ఇలాంటివి దుఃఖంలో చేయాలనిపిస్తాయి, చేయొద్దు. నాన్న కూర్చున్న చోటు చూడటానికి వెళుతున్నారు, అంతవరకే.

ఇంట్లోవాళ్ళ సంగతి చూద్దాం. అమ్మ ఏడాది అంటున్నది గుళ్ళ గురించి. తండ్రి పోయిన ఏడాది లోపల కొండ గుళ్ళకు పోకూడదు, శుభకార్యాలు చేయకూడదు అని మనలో పెట్టుకున్న కట్టడి, అదీ ముఖ్యంగా కర్మ చేసిన కొడుక్కి. దర్గా గుడి కాదమ్మా. అక్కడ ఉన్నది సమాధులు. చావు మైల అంటుకుంటుందని సమాధులు మనల్ని బయట నిలబెట్టవు. ఈ మాట అమ్మకు మీరు చెప్పడం కంటే, మెల్లగా ఒక ప్రశ్న అడగండి, ‘నాన్నకు మస్తాన్ అనే పేరు ఎవరు పెట్టారమ్మా’ అని. మన రెండు జిల్లాల్లో మస్తానయ్యలు, మస్తానమ్మలు లేని ఊరు లేదు. వాళ్ళలో చాలామంది హిందువులే. పిల్లలు పుట్టకో, పుట్టి దక్కకో, వెంకటాచలం మండలంలోని కసుమూరుకు పోయి మస్తాన్ వలీ దర్గాలో మొక్కుకున్న తల్లులు పెట్టుకున్న పేర్లు అవి. మీ నాయనమ్మ కూడా ఎప్పుడో ఆ గడప తొక్కే ఉంటుంది. అమ్మకు ఆ కథ తెలిసే ఉండొచ్చు, ఎవరూ అడగక చెప్పి ఉండకపోవచ్చు.

అత్తయ్యగారిది వేరే భయం. గాలి సోకుతుంది అంటున్నారంటే మీ మీద ప్రేమ లేక కాదు. ఆవిడతో వాదించి గెలవాలనుకోకండి, అబద్ధం చెప్పి పోవద్దు కూడా. షాపింగ్‌కని చెప్పి పోయారనుకోండి, అక్కడ కూర్చున్న గంటా ఫోన్ మోగుతుందేమోననే ధ్యాస. ‘నాన్న కూర్చునే చోటు ఒకసారి చూసొస్తానత్తయ్యా, సాయంత్రానికి వచ్చేస్తాను, రాగానే తలస్నానం చేస్తాను’ అని చెప్పండి. వచ్చాక ఆవిడ చూస్తుండగా వాకిట్లోనే కాళ్ళు కడుక్కుని, నేరుగా స్నానానికి పోండి. ఆ చెంబుడు నీళ్ళు ఆవిడ మనసు కోసం. దాని వల్ల మీరు చూసొచ్చింది ఏమీ కడుక్కుపోదు. మీ ఆయన తోడొస్తానంటే రానివ్వండి, కానీ గంటసేపు బయట టీకొట్టు దగ్గర పేపరు చదువుకోమనండి. ఒంటరిగా ఎందుకు అని ఆయన అడిగితే, పక్కన మీరుంటే మీరు ఏమనుకుంటున్నారో అని మీ ముఖమే చూస్తుంటాను అని నిజమే చెప్పండి.

ఏ.ఎస్. పేట (అనుమసముద్రంపేట) దర్గాకు పోవచ్చా అని ఇలాంటి ఉత్తరాల్లో కొందరు అడుగుతుంటారు, మీకూ ఎవరో ఒకరు చెబుతారు కాబట్టి ముందే అనేస్తాను. అక్కడ ఖాజా నాయబ్ రసూల్, ఆయన భార్య హబీబా ఖాతూన్‌ల సమాధులున్నాయి, గొప్ప పేరున్న దర్గా. కానీ మనసు బాగోలేని వాళ్ళను ఎక్కడెక్కడి నుంచో తీసుకొచ్చి రోజుల తరబడి ఉంచుతుంటారు. వాళ్ళ కేకలు, వాళ్ళ వెంట వచ్చిన తల్లుల ముఖాలు చూసి, మీ బాధ పక్కన పెట్టి ఆ బాధ మోసుకుని వస్తారు. ఇప్పుడు వద్దు.

ఆ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. మీ ఉత్తరంలో నిద్ర గురించి, తిండి గురించి ఏమీ రాయలేదు. రాత్రిళ్ళు వరసగా నిద్రపట్టకపోతున్నా, పిల్లల మీద కూడా ధ్యాస నిలవకపోతున్నా, నేనూ పోతే బాగుండు అనిపిస్తున్నా దర్గాతో ఆగిపోకండి. డాక్టరుకు చూపించుకోండి. టెలి మానస్ అని ప్రభుత్వ ఫోన్ లైన్ ఉంది, 14416కి డబ్బు ఖర్చు లేకుండా ఏ వేళప్పుడైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. మీకు ఆ అవసరం లేకపోతే సంతోషం, నంబరు రాసి పెట్టుకోండి.

ఇక ఆ ఆకుపచ్చ గుడ్డపేలిక. సమాధి మీద కప్పిన చాదర్లు మార్చినప్పుడు, పాతదాన్ని ముక్కలు చేసి అడిగినవాళ్ళకు తబ్రుక్‌గా ఇవ్వడం చాలా దర్గాల్లో ఉంది. డ్రైవర్లు దాన్ని స్టీరింగుకో, అద్దానికో కట్టుకుంటారు. మీ నాన్న కట్టుకోకుండా పెట్టెలో దాచాడంటే, ఇంట్లో అడుగుతారేమోననే కావచ్చు. దాన్ని పారేయకండి, దుమ్ము తుడిచే గుడ్డల్లో కలవనీయకండి. నెల్లూరు పోయేటప్పుడు వెంట తీసుకెళ్ళండి. అక్కడ కూర్చున్నప్పుడు ఒళ్ళో పెట్టుకోండి. తిరిగి ఇచ్చేయాలనిపిస్తే ముజావర్ చేతికి ఇవ్వండి, కాళ్ళ కింద పడకుండా ఎక్కడ పెట్టాలో ఆయనకు తెలుసు. ఇవ్వబుద్ధి కాకపోతే మళ్ళీ పెట్టెలోనే పెట్టేయండి, కానీ ఈసారి అందరికీ చెప్పి పెట్టండి.

కసుమూరు ఈ ట్రిప్పులో కలపొద్దు. రెండూ ఒకే రోజు చూస్తే అది యాత్ర అయిపోతుంది. అమ్మ మనసు కుదుటపడ్డాక, ఆమెను తీసుకుని పోండి. నాన్న పేరు కోసం నాయనమ్మ ఏం మొక్కుకుందో అమ్మ చేత దారిలో చెప్పించుకోండి.